అరకు చూసి వచ్చాము



పల్నాడులో పుట్టి పెరిగిన మాకు కొండ అంటే కోటప్పకొండ, నీరు అంటే సాగరు కాలువ. విహారయాత్ర అంటే మాచర్ల మీదుగా ఎత్తిపోతలకు వెళ్ళి, చంద్రవంక దూకే చోటికి ఎదురుగా చాప పరచుకొని, కట్టుకెళ్ళిన అన్నము తిని, చీకటి పడకముందే ఇల్లు చేరుకోవడము. పంట ఉన్న ఏడు తీరిక ఉండదు, తీరిక ఉన్న ఏడు చేతిలో డబ్బు ఉండదు. ఇలాగే మాకు అరవై ఏళ్ళు దగ్గర పడ్డాయి.

అటువంటి మేము 2022వ సంవత్సరము నవంబరు చివరి వారములో అరకులోయ చూసి వచ్చాము. ఇది మా సంఘములోని స్త్రీల సమాజము వారి చలవ. నెలకు వంద రూపాయల చొప్పున రెండేళ్ళు దాచుకొని, ఆ డబ్బుతో వంటపాత్రలు కొనడమా, ఊళ్ళు చూడడమా అని మూడు ఆదివారాలు తర్జనభర్జన పడి, చివరకు ఊళ్ళు చూడడానికే చేతులెత్తారు. ఆడవాళ్ళు ఎనిమిది మంది. సంచులు మోయడానికి మగవాళ్ళము ముగ్గురము. పత్తి ఒక తీత అయింది, మిరపతోటలు ఇంకా పూత మీద, పిందె మీద ఉన్నాయి. నాలుగు రోజులు వదిలి వెళ్ళినా కొంప మునగదని లెక్క వేసుకొని బయలుదేరాము.

గుంటూరులో రాత్రి రైలు ఎక్కి తెల్లవారేసరికి విశాఖపట్నములో దిగాము. ఆ రోజంతా సముద్రము దగ్గరే గడిచిపోయింది. దాని సంగతి మొదలుపెడితే అరకు దాకా రాలేము గనుక ఇక్కడ వదిలివేస్తున్నాము. మరునాడు చీకటితోనే టూరు బస్సు ఎక్కాము. బస్సులో సగము మంది బెంగాలీలు. అరకు చూడడానికి మనకంటే వాళ్ళే ఎక్కువగా వస్తారట. మిగిలిన సీట్లలో హైదరాబాదు కుటుంబాలు రెండు, కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి, పచ్చళ్ళ జాడీలతో, కారప్పొడి పొట్లాలతో మేము.

గైడు ఆ కొండలవాడే. పాతికేళ్ళ కుర్రవాడు, మంచి మాటకారి. తెలుగులో చెప్పిందే హిందీలో చెప్పి, దానినే బెంగాలీలో కూడా అని అందరినీ నవ్వించేవాడు. ఎక్కడ బస్సు ఆపినా మైకులో ఒకటే మాట: "ఇరవై నిమిషాలండీ. ఈల వేస్తే వచ్చేయాలి." ఒక్క బొర్రా గుహలకు, మధ్యాహ్నము భోజనానికి మాత్రము గంట ఇచ్చాడు. మా ఇంటావిడ కిటికీ ప్రక్కన కూర్చున్నది. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళయినా, ఏ పనీ లేకుండా ఒక చోట కూర్చొని బయటికి చూడడము ఆమెకు అదే మొదటిసారి అనుకొంటాము.

పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట. అక్కడ ఇడ్లీలు తిన్నాము. విశాఖ నుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటే వరకు మన వైపు లాగే చదునుగా ఉంటుంది. ఆ తరువాత రోడ్డు కొండను చుట్టుకొని పైకి ఎక్కుతుంది. మలుపు మలుపుకూ మా ఆడవాళ్ళలో ఇద్దరు నిమ్మకాయ వాసన చూస్తూ కళ్ళు మూసుకొన్నారు. మిగిలినవారు కళ్ళు తెరచి, నోళ్ళు కూడా తెరచి చూశారు. కొండ మీద కొండ, దాని మీద మబ్బు, ఆ మబ్బులో నుండి పొగలాగ దిగుతున్న ఎండ. మన నల్లమల కూడా అడవే కదా అని మాలో ఒకరు అన్నారు గాని, వేసవిలో బూడిద రంగుకు తిరిగే మన కొండలకూ, నవంబరులో కూడా నీళ్ళు కారుతున్న ఆ కొండలకూ పోలిక లేదు.

"ఇక్కడి నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా అండీ. 2022 ఏప్రిల్ 4న కొత్తగా పెట్టారు, పాడేరు మాకు హెడ్‌క్వార్టరు" అని గైడు చెప్పగానే మా ఇంటావిడ వెనుక నుండి, "మాదీ ఆ రోజు పుట్టిన జిల్లానే నాయనా. పల్నాడు. నరసరావుపేట" అన్నది. "అయితే మనం కవలలం అమ్మా" అన్నాడు ఆ అబ్బాయి. అప్పటి నుండి మాకు వాడు మనవాడైపోయాడు.

ఎదుటి కొండ మీద సొరంగములో నుండి ఒక గూడ్సుబండి బయటకు వచ్చి మరొక సొరంగములో దూరింది. అది కొత్తవలస నుండి కిరండూలు వెళ్ళే మార్గమని, 58 సొరంగాలు ఉన్నాయని గైడు చెప్పాడు. ఆ కొండల్లోని శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది. ఈ కొండలను తొలిచినది మన బోటి యాత్రికుల కోసము కాదు. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజము కోసము. 1960లో మన ప్రభుత్వము జపాను ఉక్కు కర్మాగారాలతో ఒప్పందము చేసుకొన్నది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపానుకు పంపడానికి ఆ దశాబ్దములోనే ఈ లైను వేశారు. మనుషులు ఎక్కే బండి రోజుకు ఏ ఒకటో రెండో. ఖనిజపు బండ్లే రాత్రింబగళ్ళు దిగుతుంటాయి. యాత్రికుల కోసము అద్దాల పెట్టె తగిలించినది 2017లో.

జపాను పేరు వినగానే ముందు సీటులోని హైదరాబాదు పెద్దమనిషి ఇటు తిరిగాడు. ఆయన కుమారుడు నగోయాలో ఉద్యోగమట. క్రిందటిసారి వెళ్ళినప్పుడు ఇలాగే బస్సులో షిరకావాగో అనే కొండపల్లె చూసి వచ్చారట. అక్కడ ఇళ్ళకు గడ్డి కప్పులు నిటారుగా, ప్రార్థనలో జోడించిన రెండు చేతుల్లాగ ఉంటాయట. ఆ ఇళ్ళ కట్టడానికి వాళ్ళ భాషలో పేరు కూడా అదే అర్థము వచ్చేటట్లు పెట్టుకొన్నారట. విపరీతముగా కురిసే మంచు నిలవకుండా జారిపోవడానికి ఆ ఏర్పాటు. ఒక ఇంటి కప్పు మార్చాలంటే ఊరు ఊరంతా కదలి వచ్చి గడ్డి కప్పుతారు. 1995లో యునెస్కో వారు ఆ పల్లెలను ప్రపంచ వారసత్వముగా గుర్తించారు. "ఆ ఇళ్ళల్లో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారండీ. మావాళ్ళు గుమ్మంలోకి తొంగి చూస్తే లోపల ఒక ముసలాయన అన్నం తింటున్నాడు. నాకు తల తీసేసినట్లయింది" అన్నాడాయన. మా ఇంటావిడ ఆ మాట విని ఆయన వంక ఒకసారి చూసింది. ఏమీ అనలేదు.

బొర్రా గుహల గురించి కొంచెము ఎక్కువ వ్రాయాలి. ఎందుకంటే అది మన రాయి సంగతి.

మా ముగ్గురు మగవాళ్ళలో ఒకరు పిడుగురాళ్ళ సున్నపు బట్టీలలో ముప్పై ఏళ్ళు పని చేసిన మనిషి. మాకు వరుసకు చిన్నాన్న. మెట్లు దిగి, ఆ గుహ నోట నిలబడి, పైనుండి వేలాడుతున్న రాతి ఊడలను, క్రింది నుండి మొలిచిన రాతి మొక్కలను చూసి, ఆయన మొదట అన్న మాట "ఇది మన సున్నపురాయేరా" అని. గైడు అవునన్నాడు. వాననీరు గాలిలో నుండి, మట్టిలో నుండి బొగ్గుపులుసు గాలిని పీల్చుకొని కొద్దిగా పుల్లబడుతుంది. ఆ నీరు సున్నపురాయి నెర్రెల్లో దిగి, రాయిని కరిగించుకొని, గుహ కప్పుకు వచ్చి బొట్టుగా వేలాడి, కరిగినదానిలో పిసరంత అక్కడ వదిలి, జారిపడిన చోట ఇంకొక పిసరంత వదులుతుంది. అలా లక్షల ఏళ్ళు. గోస్తనీ నది ఈ గుహలలో నుండే పోయి భీమునిపట్నము దగ్గర సముద్రములో కలుస్తుంది. గుహ లోతు దాదాపు 80 మీటర్లు. మన తల మీద గుహ, గుహ మీద కొండ, ఆ కొండ మీద ఇందాకటి రైలు. మేము లోపల ఉండగా బండి పోయింది. సన్నని వణుకు అరికాళ్ళకు తెలిసింది.

మన పల్నాటి రాయి పొరలు పొరలుగా, పలకలుగా లేస్తుంది. మన ఇళ్ళలో అరుగులకు, పొలము గట్లకు పాతేది అదే. ఇక్కడిది పలుకులు పలుకులుగా మెరుస్తుంది. రెండూ ఒకే రకము కాదు గాని రెండూ సున్నపురాయే. "మనం బొగ్గేసి రాత్రీ పగలూ కాలిస్తే గాని లొంగని రాయి, చుక్క నీళ్ళకు లొంగిందే!" అని చిన్నాన్న చెయ్యి చాచి రాతి ఊడను తాకబోయాడు. "ముట్టుకోకండి తాతగారూ, చేతి జిడ్డు అంటితే ఆ చోట ఇక పెరగదు" అని గైడు ఆపాడు. ముప్పై ఏళ్ళు ఆ రాయిని చేతులతో ఎత్తిన మనిషి చెయ్యి వెనక్కు తీసుకొని పంచెకు తుడుచుకొన్నాడు.

మొసలి ఆకారము, తల్లీబిడ్డ ఆకారము అని గైడు టార్చి వేసి చూపిస్తుంటే అందరూ ముందుకు నడిచారు. చిన్నాన్న మాత్రము ఆగి, "ఇంత రాయి ఉండగా ఇక్కడ బట్టీలు పెట్టలేదేం అబ్బాయ్?" అని అడిగాడు. అప్పుడు ఆ కుర్రవాడు మైకు గొంతు మాని మామూలు గొంతుతో చెప్పాడు. ఈ బొర్రా చుట్టుప్రక్కల ఊళ్ళలోనే గనుల కోసము కంపెనీలకు కౌలు ఇచ్చారట. సమత అనే సంస్థ కోర్టుకు వెళ్ళింది. షెడ్యూల్డు ప్రాంతములో ప్రభుత్వ భూమిని సైతము గిరిజనులు కానివారికి, ప్రైవేటు కంపెనీలకు గనులకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1997 జూలైలో తీర్పు చెప్పింది. దేశమంతటా చెప్పుకొనే తీర్పు అది. మాలో మూడవ మగమనిషి బస్సులో నుండి, "ఇక్కడ ఎకరం ఎంత పలుకుద్ది?" అని రెండుసార్లు అడిగి ఉన్నాడు. మనవాళ్ళు ఏ ఊరు వెళ్ళినా మొదట అడిగేది అదే కదా! దానికి కూడా అక్కడే జవాబు దొరికింది. ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరులు కొనడానికి 1970 నాటి చట్టము ఒప్పుకోదు.

మెట్లు ఎక్కేటప్పుడు చిన్నాన్న నాలుగు చోట్ల ఆగాడు. బట్టీ పొగ ముప్పై ఏళ్ళది ఆయన రొమ్ములో ఉన్నది. "మంచి పని చేశారు" అన్నాడు దగ్గు మధ్యలో. కోర్టువారినో, ఆ సంస్థనో, ఎవరిని అన్నాడో మేము అడగలేదు.

అక్కడి నుండి అనంతగిరి కాఫీ తోటలు. ఎత్తుగా పెరిగిన సిల్వరు ఓకు చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్ల మీదికే మిరియాల తీగలు. ఒకే నేలలో నీడకు ఒకటి, పంటకు రెండు. పొదలలో కాఫీ పండ్లు ఎర్రగా గుత్తులుగా ఉన్నాయి. దూరము నుండి చూస్తే మన తోటలో పండు మిరపలాగే ఉంటుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లోయలో వలిసెలు పూసి పొలాలన్నీ పసుపు పచ్చని దుప్పట్లు ఆరవేసినట్లు ఉన్నాయి. వలిసె గింజలతో నూనె తీస్తారు. మన వైపు పెద్దలకు ఆ పేరు తెలుసు గాని పంట కనుమరుగయింది.

గాలికొండ దగ్గర బస్సు ఆపినప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. కట్టెల మోపులు నెత్తిన పెట్టుకొని ముగ్గురు ఆడవాళ్ళు వస్తున్నారు. మా బస్సువాళ్ళు ఫోనులు తీసుకొని ఎదురు వెళ్ళారు. ఒక కుర్రవాడు "ఆగండి, ఆగండి" అని చేతితో సైగ చేశాడు. పాపము, ఆ బరువుతో వాళ్ళు ఆగారు. మాలో కూడా ఒకరిద్దరు ఫోటోలు తీశారు, మేమూ తీయబోయాము. ఫోను పట్టుకొన్న చెయ్యిని మా ఇంటావిడ క్రిందికి నొక్కింది. ఆ తరువాత మొహము అటు తిప్పుకొని బస్సు ఎక్కేసింది. కడుపులో తిప్పుతున్నదేమో అనుకొని నిమ్మకాయ ఇచ్చాము.

అరకులో భోజనము. వెదురు బొంగులో కాల్చిన కోడి మాంసము అక్కడ ప్రసిద్ధి. నూనె చుక్క లేకుండా వండుతారు. కమ్మగా ఉన్నది గాని మా ఆడవాళ్ళ తీర్పులో కారము చాలలేదు. పొట్లాలు విప్పారు. ప్రక్క బల్ల మీది బెంగాలీ పిల్లవాడు మా కారప్పొడి రుచి చూసి ఏడ్చినంత పని చేశాడు.

తరువాత గిరిజన మ్యూజియము. మట్టి గోడల ఇళ్ళ తీరులో కట్టారు. వేట, పెళ్ళి, పొలము పనులు, వంట, అన్నీ నిలువెత్తు బొమ్మలుగా పెట్టారు. నగలు, వాయిద్యాలు, పనిముట్లు ఉన్నాయి. పని చేసుకొంటున్న ఒక స్త్రీ బొమ్మ ముందు మా ఇంటావిడ చాలాసేపు నిలబడింది. ఈల వేసే వేళ అయింది, రమ్మంటే రాలేదు. అటు చూస్తూనే, "ఆ క్యాలెండరు నేనే చింపాను" అన్నది.

ఏ క్యాలెండరో వెంటనే గుర్తు రాలేదు. చెబుతాము.

మా కల్లము మాచర్ల, సాగరు రోడ్డు ప్రక్కన ఉండేది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ దారిని వెళ్ళినవారికి తెలుసు, ఎర్రగా నేలంతా మిరపకాయలే. ఎత్తిపోతలకు, నాగార్జునకొండకు వెళ్ళే టూరు బస్సులు అక్కడ ఆగేవి. దిగి, కాయల మధ్య వంగి తాలు ఏరుకొంటున్న ఆడవాళ్ళను ఫోటోలు తీసుకొని వెళ్ళేవారు. కొత్త మనుషులు మనలను చూసి వెళ్ళడము మన ప్రాంతానికి ఇప్పటిది కాదు. 1849లో ఫాదర్ హయ్యర్ గురజాల వచ్చిన నాటి నుండి మిషనరీలు మన ఊళ్ళ గురించి ఎన్ని ఉత్తరాలు స్వదేశానికి వ్రాసి ఉంటారో! వారు వచ్చి మన మధ్య కాపురము ఉన్నారు, అది వేరు సంగతి. బస్సువాళ్ళు దిగుతారు, ఎక్కుతారు.

ఇరవై ఏళ్ళ క్రిందట ఒక పురుగుమందుల దుకాణము వారు కొత్త సంవత్సరానికి క్యాలెండరు వేశారు. దాని మీద మా కల్లము! ఎర్రని కాయల నడుమ మా ఇంటావిడ, తల ఎత్తి చూస్తూ. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో, అడిగింది లేదు, చెప్పింది లేదు. మేము దానిని గొప్పగా తెచ్చి, ముందు గదిలో మేకు కొట్టి తగిలించాము. వచ్చినవారికల్లా చూపించాము. రెండు వారాలకు అది కనబడలేదు. పిల్లలు చింపారనుకొని పెద్దవాడి వీపు మీద ఒకటి వేశాము కూడా.

"భుజం దగ్గర జాకెట్టు చిరిగి ఉంది. పాత జాకెట్టు, కల్లంలోకి అదే కదా వేసుకొనేది. ఊళ్ళో ప్రతి ఇంట్లో గోడ మీద నా చిరుగు. ఏడాదంతా ఆ దుకాణం ముందు నుంచి నడవలేకపోయాను" అన్నది.

ఇంతవరకు మేము, మేము అని వ్రాసుకొంటూ వచ్చాము. ఆ క్యాలెండరు తెచ్చి గోడకు తగిలించిన మేములో ఆమె లేదు. ఈ సంగతి తెలియడానికి అరకు దాకా రావలసి వచ్చింది. పొద్దున గాలికొండ దగ్గర చెయ్యి ఎందుకు నొక్కిందో, జపాను ముసలాయన మాట ఎందుకు విన్నదో అప్పుడు అర్థమయింది. "మరి అప్పుడే చెప్పలేదేం?" అంటే, "మీరు అంత సంబరంగా తెస్తిరి" అన్నది. ఈల వినబడింది. వచ్చి బస్సు ఎక్కాము.

పద్మాపురము తోటకు వెళ్ళాము. రెండవ ప్రపంచ యుద్ధకాలములో సైనికులకు కూరగాయలు పండించడానికి 1942లో వేసిన తోట అది. ఇప్పుడు పూలు, చెట్ల మీద కట్టిన గదులు, పిల్లల రైలు. మా ఆడవాళ్ళు ఎనిమిది మందీ ఆ పిల్లల రైలు ఎక్కి ఒక చుట్టు తిరిగారు. ధింసా నృత్యము కూడా చూపించారు. చేతులు నడుముల వెనుకగా గొలుసు కట్టుకొని అడుగులు వేస్తారు. చక్కగా చేశారు. వెళ్ళి వాళ్ళతో నిలబడి ఫోటో తీయించుకోవచ్చు అన్నాడు గైడు. మావాళ్ళెవరూ లేవలేదు.

తిరుగు ప్రయాణములో సుంకరమెట్ట దాటిన తరువాత ఒక చిన్న గూడెము దగ్గర టీ కోసము బస్సు ఆపాడు. నాలుగున్నర అయింది. కొండ నీడ అప్పుడే సగము లోయను కప్పింది. రోడ్డు ప్రక్కన ఒక ఇంటి ముందు రెండు పెద్ద బరకాల మీద కాఫీ పండ్లు ఆరబోసి ఉన్నాయి. కొన్ని ఎరుపు, కొన్ని ఎండి నల్లబడినవి. నలభై ఏళ్ళ ఆడమనిషి పాదాలతో వాటిని దున్నినట్లు తిరగవేస్తున్నది. మనము మిరపకాయలను తిరగవేసేది అచ్చంగా అలాగే! బస్సువాళ్ళు మళ్ళీ ఫోనులు తీశారు. ఆమె కొంగు తల మీదికి లాక్కొని వెనక్కు తిరిగింది.

మా ఇంటావిడ టీ గ్లాసు మా చేతికి ఇచ్చి అటు నడిచింది. చెప్పులు విప్పి బరకము అంచున నిలబడి, "పొద్దు గుంకుతోంది తల్లీ, ఎత్తుకోవా?" అని అడిగింది.

"ఎత్తాలమ్మా. మంచు పడిపోద్ది. మా ఆయన సంతకెల్లినాడు, పిల్లా నేనే ఉన్నాం" అన్నది ఆమె.

బరకము ఎత్తడానికి నాలుగు మూలలా నలుగురు ఉండాలి. అది మిరప రైతులకు చెప్పనవసరము లేదు. ఎండిన పంట మీద మంచు పడితే రంగు పోతుంది, బూజు పడుతుంది, ధర పడిపోతుంది. మా ఇంటావిడ ఒక మూల పట్టుకొని వెనక్కు తిరిగి పిలిచింది. ఆమెకు పిలవడము అవసరము కూడా లేకపోయింది. మా ఆడవాళ్ళు అప్పటికే కొంగులు బిగించి వస్తున్నారు. చిన్నాన్న, ఎకరము ధర అడిగిన ఆయన, మేము కూడా తలా ఒక చెయ్యి వేశాము. రెండు బరకాలూ మధ్యకు మడిచి, పండ్లను కుప్ప చేసి, పైన మరొక బరకము కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాము. అయిదు నిమిషాల పని.

మిగిలిన పదిహేను నిమిషాలు ఆ అరుగు మీదే గడిచాయి. ఎంత పండుతుంది, ఎన్ని రోజులు ఆరుతుంది, ఎవరు కొంటారు అని మావాళ్ళు అడిగారు. పప్పర పట్టి కడిగి ఆరబెడితే ఎక్కువ ధర, ఇలా పండు పండుగానే ఎండబెడితే తక్కువ ధర అని చెప్పింది. గిరిజన సహకార సంస్థ కొంటుంది, సంతలో వ్యాపారులూ కొంటారు, ఏది ముందు చేతికి వస్తే అది అన్నది. మా ఇంటావిడ గుంటూరు యార్డు సంగతి చెప్పింది. టిక్కీలు దించి, మూడు రాత్రులు వాటి మీదే పడుకొని, చివరకు వాళ్ళు చెప్పిన ధరకే ఇచ్చి వచ్చిన ఏడు గురించి చెప్పింది. తరుగు పేరుతో ఎంత పోతుందో చెప్పింది. "మాకూ అంతేనమ్మా" అన్నది ఆమె. ఆ ఒక్క మాటకు ఇద్దరూ అక్కచెల్లెళ్ళలాగ నవ్వుకొన్నారు. మా దగ్గర మిగిలిన కారప్పొడి పొట్లము, గోంగూర పచ్చడి జాడీ ఆమెకు ఇచ్చాము. ఆమె లోపలికి వెళ్ళి రాజ్మా గింజలు ఒక శేరు, అల్లము కొంచెము తెచ్చి మా ఇంటావిడ ఒడిలో పోసింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఈల వేశాడు. ఒకసారి, రెండుసార్లు. లేచేసరికి ఆ ఇంటి పిల్ల, ఇంటరు చదువుతున్నదట, ఫోను పట్టుకొని గుమ్మములో నిలబడి ఉన్నది. మొహమాటపడుతూ, "అమ్మా, మీది ఒక ఫోటో తీసుకోనా?" అన్నది.

మా ఇంటావిడ మొదట మా వంక చూసింది. తరువాత, "ఉండు తల్లీ" అని, తడి చేతులు తుడుచుకొని, జారిన ముడి సరిచేసుకొని, భుజము మీద కొంగు నిండుగా కప్పుకొని, మళ్ళీ ఏమనుకొన్నదో ఆ కొంగు కొంచెము వెనక్కు జరిపింది. ఆ తల్లిని కూడా చెయ్యి పట్టుకొని ప్రక్కన నిలబెట్టుకొన్నది. గైడు మూడవసారి ఈల నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. ఆ పిల్ల రెండు తీసింది. ఫోను నంబరు వ్రాసుకొన్నది. "ఇక్కడ సిగ్నలు ఉండదు, అరకు వెళ్ళినప్పుడు పంపిస్తాను" అన్నది.

ఘాటు దిగేసరికి చీకటి పడింది. బస్సులో అందరూ నిద్రపోయారు. ఎదుటి కొండ మీద ఖనిజపు బండి దీపము ఒక్కటి చాలా దూరము మాతో పాటే దిగింది.

ఫోటో మూడు వారాలకు, క్రిస్మసు పిండివంటలు చేసుకొంటుండగా వచ్చింది. మనుమడు తెచ్చి చూపించాడు. చేతి పిండి కడుక్కొని వచ్చి, ఫోను దూరముగా పట్టుకొని చూసి, వేళ్ళతో పెద్దది చేయమని వాడికి చెప్పింది. మొహము దగ్గర కాదు, భుజము దగ్గర. కాసేపు చూసింది.

"జాకెట్టు బాగానే ఉందే" అన్నది.